బీరువా తలుపు మీద బొటనవేలు

మార్చి 4

దొరికాడు. కుడిచేతి బొటనవేలు. సుడి ముద్ర, నడుమ చిన్న ఖాళీ. టీ చల్లారేలోపే తేలిపోయింది. ఒక గీత పోతూ పోతూ ఆగిపోతుంది, దాని పక్క గీత రెండుగా చీలుతుంది, ఆ చీలిక కింద ఒక చుక్క. నేరం జరిగిన ఇంట్లో అక్క టేపుతో ఎత్తి తెచ్చిన ముద్ర కార్డు మీదా అవే, గీజరు మెకానిక్ చేత వేయించిన వేలిముద్రల కాగితం మీదా అవే. అదే వరస, అంతే ఎడం. పన్నెండు గుర్తులు కలిశాక ఇక చూడడం మానేశాను. ఇంకా ఉన్నాయి.

లెక్కల టీచరమ్మ కేసు. రిటైరై ఒంటరిగా ఉంటోంది. తల పగలగొట్టి చంపి, లోపలి గదిలో ఇనప బీరువాలో ఉన్నదంతా ఊడ్చుకుపోయారు. వారం ముందు ఆ ఇంట్లో గీజరు బాగుచేసిన మెకానిక్‌ని పట్టుకున్నారు. స్నానాల గదిలో అతని ముద్రలు ఉన్నాయి. ఉండాలి కూడా, పని చేసింది అక్కడే కదా. లోపలి గదిలో మాత్రం కాలు పెట్టలేదని మొత్తుకుంటున్నాడు. ఇప్పుడు బీరువా తలుపు మీద బొటనవేలు. ఇంకేం చెప్పుకుంటాడో చూద్దాం.

నా సంతకం అయ్యాక రెండో సంతకం 'సరేగారు' పెట్టాడు. ఏది చూపించినా సరే అంటాడని ఆయనకా పేరు. చూసి అంటాడో చూడకుండా అంటాడో దేవుడికే తెలియాలి. నాకూ ఒక పేరు పెట్టారు, భూతద్దం అట. నా ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

మార్చి 5

అక్క పని ముగించుకుని వస్తూ మిఠాయి పొట్లం తెచ్చింది. ఏంటే విశేషం అంటే, "ఊరికే. తినాలనిపించింది" అంది. నేను నాలుగు తిన్నాను.

మార్చి 13

కోర్టు కోసం పెద్ద బొమ్మలు తయారు చేస్తున్నాను. ఒకవైపు బీరువా ముద్ర, ఒకవైపు మెకానిక్ వేలు, కలిసినచోటల్లా ఎర్ర గీత, పక్కన అంకె. జడ్జిగారికి గీతలతో పరిచయం ఉండదు కాబట్టి చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాలి. ఈ పని నాకిష్టం. గోడమీద పలక అంత పెద్దది చేసి చూస్తే ఒక్క వేలి చివర పొలాల నక్ష కనిపిస్తుంది.

అంత పెద్దది చేసినప్పుడే ముద్ర కింద ఒక సన్నటి వంపు కనబడింది. పక్కపక్కన రెండు గీతలు, వేలివి కావు. టేపుకి రెండు వైపులా చిన్న చిన్న ముడతలు.

టేపు మడతపడి ఉంటుంది.

మార్చి 14

మడతే.

మార్చి 15

మడత కాదు.

అదే తలుపు మీద నుంచి అక్క మొత్తం ఐదు ముద్రలు ఎత్తింది. నాలుగు టీచరమ్మవే, రోజూ తెరిచే బీరువా కదా. వాటిని మేం పక్కన పెట్టేస్తాం, ఇంటివాళ్ళవి కాబట్టి. ఇవాళ ఆ నాలుగూ తీసి ఐదోదాని పక్కన పేర్చాను. నాలుగింటిలోనూ వేలి గీతల వెనక సన్నటి చుక్కలు చుక్కలుగా ఉంది. ఆ బీరువా రంగు గరుకు. బ్రష్ కొడితే పౌడరు ఆ గరుకులోకి కూడా దిగి, టేపుతో పాటు లేచి వస్తుంది. ఐదోదాంట్లో చుక్క లేదు. వెనకంతా నున్నగా ఉంది.

చదునుగా ఉన్న తలుపు మీద టేపు వేస్తే ముడతలు పడవు. గుండ్రటిదాని మీద వేస్తే పడతాయి. కొత్తగా చేరినవాళ్ళందరికీ మొదట గాజు గ్లాసు మీద ముద్రలు తీయడం నేర్పిస్తారు, అందరి టేపుకీ ఇవే ముడతలు. ఆ వంపు గ్లాసు అంచు.

వేలు అతనిదే. అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. కానీ ఆ వేలు బీరువాని ముట్టుకోలేదు.

కార్డు వెనక అక్క చేతిరాత: లోపలి గది, బీరువా, ఎడమ తలుపు.

మార్చి 16

బీరువాకి అద్దం ఉండి ఉండొచ్చు. అద్దమూ నున్నగానే ఉంటుంది.

ఫొటోలు చూశాను. అద్దం లేదు. పిడి మాత్రం గుండ్రంగా మెరుస్తూ ఉంది. ప్రాణం లేచి వచ్చింది. పిడి మీది ముద్రని తలుపు మీదిదని పొరపాటున రాసి ఉంటుంది, ఎవరికి జరగదు! తీరా చూస్తే పిడి కుడి తలుపుకి ఉంది, పైగా నా చిటికెన వేలంత లావు. బొటనవేలు మొత్తం అంత శుభ్రంగా దాని మీద పడదు.

అయినా నన్నడిగింది వేలు ఎవరిదని. ఎక్కడిదని కాదు.

మార్చి 19

అక్క గురించి ఇక్కడ రాయాల్సిన పని లేదు, అయినా రాస్తున్నాను, చెయ్యి ఆగడం లేదు. అమ్మ పోయినప్పటి నుంచీ నా జడ వేసింది అక్క. ఈ ఉద్యోగానికి పరీక్ష రాయించింది అక్క. నేను మా ఆయన్ని వదిలేసి రోడ్డు మీద నిలబడ్డ రోజు బావ కారులో వచ్చి, నా బట్టలు తనే సర్ది, ఆయన గడ్డం కింద వేలు పెట్టి, "మా చెల్లెలి వెనక వచ్చావో, నీ పదివేళ్ళూ నా దగ్గరున్నాయి, జాగ్రత్త" అన్నది అక్క. ఆ మాటకి అర్థం లేదు. ఆయన మాత్రం మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ ఈ పైగది నాది.

ఆఫీసులో పౌడరు, బ్రష్ పట్టుకుని నేరం జరిగినచోటికి పరిగెత్తేది అక్క. బల్ల ముందు కూర్చుని పోల్చేది నేను. మీ అక్క వండుతుంది, నువ్వు వంకలు పెడతావు, ఇంట్లోనూ అంతే ఆఫీసులోనూ అంతే అంటాడు బావ. 

మార్చి 20

అన్నాల దగ్గర ముగ్గురం. బావ డ్రైవింగ్ నేర్పుతాడు, ఇవాళ్టి పాఠం సంగతి చెప్పి నవ్వించాడు. ఒక లావాటాయన బ్రేకనుకుని పక్కన కూర్చున్న బావ కాలు తొక్కాడట. "నేను కెవ్వుమంటే బండి ఆగింది. మొత్తానికి బ్రేకు పనిచేసింది!" అన్నాడు. అక్క పొలమారేలా నవ్వింది. నేను ఆమె చేతులు చూస్తూ కూర్చున్నాను.

"ఏం మరదలు పిల్లా, ముద్ద నోట్లోకి పోవట్లేదు. ఎవరి గురించి ఆలోచన?" అన్నాడు బావ.

"నీ గురించే బావా. నీ కాలు గురించి."

"అంత భాగ్యమా!"

నాకు నలభై దాటినా నన్ను మరదలు పిల్లా అంటాడు. అక్క నా కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. వద్దంటే వినదు.

మార్చి 24

ఆదివారం. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అడిగేశాను. అలా అడగాలనుకోలేదు. ఎలా అడగాలో వారం నుంచి కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"బీరువా మీది ముద్ర ఏ గ్లాసు మీదిదే అక్కా?"

చేతిలో తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడింది. ఏం గ్లాసు అంటుందనుకున్నాను. పిచ్చి పట్టిందా నీకు అంటుందనుకున్నాను. అని ఉంటే నమ్మేసేదాన్ని. ఆ దేవుడి సాక్షిగా నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఆ కొస పట్టుకో," అంది. ఇద్దరం దుప్పటి పిండాం. ఆరేశాక అంది, "స్టేషన్‌లో నీళ్ళడిగాడు. ఇచ్చారు. తాగి పెట్టాడు. అంతే."

"అంతేనా?"

"ఏం చూసి పట్టావే?"

చెప్పాను. ముడతల గురించి చెప్పాను, అంచు గురించి చెప్పాను, మిగతా నాలుగు కార్డుల మీద ఉన్న గరుకు దీని మీద లేదని చెప్పాను. వేలితో గాలిలో గీసి మరీ చూపించాను. ఆమె తలాడిస్తూ శ్రద్ధగా విన్నది. "బాగా చూశావు," అంది. నాకు సంతోషం వేసింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ వేసింది.

"ఎందుకు చేశావే?"

"హాస్టలు పిల్ల గుర్తుందా నీకు?"

గుర్తుంది. అప్పట్లో పట్టుకున్నవాడే ఆ పిల్లని చంపాడని అందరికీ తెలుసు. గదంతా వెతికినా అక్కకి ఒక్క ముద్ర దొరకలేదు. వదిలేశారు. ఆ తర్వాత వాడే ఇంకో అమ్మాయిని చంపాడు. ఆ రెండో గదికి కూడా అక్కే వెళ్ళింది. తిరిగొచ్చాక చాలాసేపు స్నానాల గదిలోనే ఉండిపోయింది.

"ఈ మెకానిక్ కూడా అంతేనే. ఆ రోజు మెట్ల మీద చూసినవాళ్ళున్నారు. టీచరమ్మ పేరెత్తితే వాడి మెడ మీద నరం ఎలా ఎగిరిందో నేను చూశాను."

"నరం చూసి శిక్ష వేస్తారా?"

"నీకేం, నీకు బల్ల ఉంది. నాకు నేల మీద పడున్న మనుషులుంటారు." గొంతు పెంచలేదు. "అది వాడి వేలు కాదని చెప్పగలవా? చెప్పలేవు. నువ్వు రాసిందాంట్లో అబద్ధం ఎక్కడుంది? అబద్ధం నాది, నేను మోసుకుంటా."

"బయటపెడితే?"

"పెట్టు. నన్ను లోపలేస్తారు. అక్కడితో ఆగుతుందా? నేను ఇన్నేళ్ళు ఎత్తిన ప్రతి ముద్రా తిరగదోడతారు. నిజంగా దొరికినవి కూడా. నిజంగా చంపి లోపలున్నవాళ్ళంతా బయటికొస్తారు. వాళ్ళకి తలుపు తీయాలనుంటే తియ్యి. నేను అడ్డం రాను."

కింద నుంచి బావ కేకేశాడు, టీ పెట్టాడట. అక్క ఖాళీ బకెట్టు తీసుకుని దిగిపోయింది.

మార్చి 25

అడిగితే చెప్తాను. కోర్టులో ఎవరైనా అడిగితే దాచను.

ఏప్రిల్ 2

పెద్ద బొమ్మలు పూర్తిచేశాను. గీతలు స్పష్టంగా కనిపించాలి కాబట్టి చుట్టూ అనవసరమైన భాగం కత్తిరించాను. అంచు, ముడతలు అనవసరమైన భాగంలోనే ఉన్నాయి. కొలత అలా వచ్చింది. అందరూ అలాగే చేస్తారు.

అసలు కార్డు ఎలాగూ కోర్టులో ఉంటుంది. చూడాలనుకున్నవాళ్ళు చూసుకుంటారు.

ఏప్రిల్ 11

ఏమీ లేదు.

మే 6

ఇంట్లో అక్క ఎక్కడికెళ్ళినా చప్పుడుని బట్టి తెలుస్తుంది. పైనుంచి వింటూ ఉంటాను. కుళాయి, గిన్నెలు, తలుపు. ఆఫీసుకు ఒకే కారులో వెళ్తాం. ఒకే క్యారేజీ విప్పుకుంటాం. ఇంటికి ఒకే కారులో వస్తాం. ముందుసీట్లో అక్క, బావ. వెనకసీట్లో నేను. పిల్లలు బయటకు దూకకుండా బావ వెనక తలుపుల తాళం బయటి నుంచే తీసేలా పెట్టించాడు. వాళ్ళకి పిల్లలు లేరు. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళ పిల్లల కోసమట. ప్రతిరోజూ ఎవరో ఒకరు దిగి వచ్చి తలుపు తీసేదాకా లోపల కూర్చుంటాను.

వేరే ఇల్లు చూసుకోవాలి. ఏమని చెప్పి వెళ్ళను?

అడిగితే చెప్తాను.

జూన్ 10

ఇవాళ నా సాక్ష్యం.

కోర్టు వరండాలో ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య మెకానిక్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఫొటోలో కంటే చిన్నవాడు. అతని వేళ్ళు అతని ముఖం కన్నా ముందే నాకు తెలుసు. కుడి బొటనవేలు మోకాలి మీద ఉంది. నన్ను చూసి లేచాడు. కానిస్టేబులు భుజం నొక్కాడు.

"అమ్మా, వేళ్ళు చూసే మేడమ్ మీరేనంట కదా. ఆ వేలు నాదేనంటున్నారు. మీరంత చదువుకున్నారు, నాదే అయ్యుంటుంది. కానీ నేను ఆ గదిలోకి పోలేదమ్మా. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు బుర్రకెక్కట్లేదు. మీకేమన్నా తెలిస్తే చెప్పండి."

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు, పాడైన గీజరు గురించి అడిగినట్టు.

నేను లోపలికి వెళ్ళిపోయాను.

అతని తరఫు లాయరు ముసలాయన, దగ్గుతున్నాడు. వేళ్ళు ఇద్దరికి ఒకేలా ఉండవా అన్నాడు. ఉండవన్నాను. కవలలకి? కవలలకైనా వేరేనన్నాను. గీతలు పుట్టకముందే ఏర్పడి పోయేదాకా మారవని, తెగినా కాలినా పైపై గాయమైతే మళ్ళీ అలాగే వస్తాయని అడగకపోయినా చెప్పాను. ముద్ర ఎప్పుడు పడిందో చెప్పగలరా అన్నాడు. చెప్పలేమన్నాను. ఎంత దగ్గరికి వచ్చాడో! ఇంకొక్క ప్రశ్న. ముద్ర ఎక్కడ పడిందో చెప్పగలరా అని అడిగితే చాలు. జవాబు నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మళ్ళీ దగ్గాడు, కాగితాలు సర్దుకున్నాడు, చాలన్నాడు.

జడ్జిగారు నా వైపు చూసి, "ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?" అన్నారు.

"లేదు సార్."

అడిగితే చెప్తానన్నాను. అడిగారు.

బయట అక్క నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. తీర్పు నెలాఖరుకి.

జూన్ 11

సెలవు పెట్టాను. తలనొప్పి అన్నాను. అక్క పైకి వచ్చి నుదుటికి మందు రాసి వెళ్ళింది.

జూన్ 18

కొత్త కార్డు వచ్చింది. సైకిల్ షాపు కాపలాదారుని కొట్టి గల్లా పెట్టె ఎత్తుకుపోయిన కేసు. అతను ఆసుపత్రిలో ఉన్నాడు, స్పృహ లేదు. పట్టుకున్నది ఒక పాత దొంగని. కార్డు వెనక అక్క చేతిరాత: షాపు, గాజు కౌంటరు, పైభాగం. 

వేలు చూడకముందు వేలి చుట్టూ చూశాను. ఇప్పుడు అన్నీ అలాగే చూస్తున్నాను, అక్కవి.

ముడతలు లేవు. అంచు లేదు. ముద్ర చుట్టూ ఒక గోరు వెడల్పు కూడా వదలకుండా టేపు కత్తిరించి ఉంది. అక్క ఎప్పుడూ అలా కత్తిరించదు. చుట్టూ బాగా వదలండి, ఎక్కడి నుంచి ఎత్తారో ఆ చోటు కూడా కార్డు మీద కనబడాలి అని శిక్షణకు వచ్చినవాళ్ళని తిట్టిపోసేది అక్కే. వెనక అంతా నున్నగా ఉంది. చోటు కూడా గాజు కౌంటరే. నున్నగానే ఉండాలి.

ఇది నిజంగా కౌంటరు మీదిదే అయి ఉండొచ్చు. కాకపోవచ్చు. ఎంతసేపు చూసినా నాకు తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఏవి చూసి పట్టుకోవాలో అవన్నీ డాబా మీద నిలబడి వేలితో గీసి చూపించింది నేనే కదా.

క్యారేజీ విప్పేటప్పుడు అడిగాను.

"సైకిల్ షాపుది కూడా గ్లాసేనా?"

అక్క మూత తీస్తూ అంది, "నీకేమైనా తేడా కనబడిందా?"

"లేదు."

"మరింకేం. తిను."

జూన్ 19

ఆ కార్డు మీద సంతకం పెట్టలేదు. సరేగారు రెండుసార్లు అడిగాడు. లైటు బాగాలేదన్నాను.

ఇదొకటేనా, ఇంతకుముందువి ఎన్ని? అక్క ఎత్తినవాటన్నిటికీ పదేళ్ళుగా నేను సంతకం పెడుతూ వచ్చాను. వాటిలో ఏది తలుపు, ఏది గ్లాసు? నిజమైన దొంగలు బయటికొస్తారని అక్క నన్ను భయపెట్టింది. వాళ్ళు ఎవరో తేల్చడం ఇప్పుడు నా వల్ల కూడా కాదు. నేను నోరు మూసుకుంటే నిజమైనవి కాపాడినట్టు అనుకున్నాను. మూసుకున్న కొద్దీ ఏది నిజమో తెలియకుండా పోతోంది. ఇక మీద వచ్చే ప్రతి కార్డూ ఇలాగే ఉంటుంది. నేను రిటైరయ్యేదాకా ప్రతి కార్డూ.

అక్క మంచిది. ఇది కూడా నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయని అతను నన్నడిగాడు.

జూన్ 20

ఐదు కార్డుల ఫొటోలు తీసుకుని ప్రభుత్వ లాయరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చురుకైన మనిషి, నా సాక్ష్యం అయ్యాక భేష్ అని భుజం తట్టింది. నాలుగు ఇవి, ఐదోది ఇది, చూడండన్నాను. ఏం చూడాలో చెప్పలేదు. కాసేపు చూసి, ఆవిడే ఆ వంపు మీద వేలు పెట్టింది.

"ఇదేంటండీ?"

"గ్లాసు అంచు."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీరేం చెప్తున్నారో మీకు తెలుస్తోందా? ముద్ర తీసింది మీ అక్కగారు కదా?"

"అవునండీ."

"మీరు మొన్న బోనులో ఏమీ లేదన్నారు."

"అన్నానండీ. అదీ రాసుకోండి."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత తలుపు వేసి రమ్మని, కాగితం తీసుకుంది.

నడిచి ఇంటికి వచ్చాను. కారు కోసం ఆగలేదు. అక్కకి నేనే చెప్పాలనుకున్నాను, చెప్పాను. వంటింట్లో నిలబడి వింది. స్టవ్ ఆపింది.

"తొందరపడ్డావే," అంది. తిడితే బాగుండేది.

జూన్ 24

తీర్పు ఆగింది. బయటి నుంచి వేరే నిపుణులు వచ్చి అక్క కార్డులన్నీ పెట్టెల్లో పెట్టి సీలు వేశారు. నా బల్ల సొరుగులు కూడా. సరేగారిని ఆయన సంతకాల గురించి అడిగితే, "అన్నీ చూసే పెట్టానండీ" అన్నాడట. నా గురించి కూడా విచారణ ఉంటుంది. ఉండాలి.

మెకానిక్‌కి బెయిలు ఇచ్చారు. అతను చంపాడో లేదో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియకపోవచ్చు. టీచరమ్మని ఎవరో చంపారు, ఆవిడకి ఏ న్యాయమూ జరగలేదు, అందులో నా చెయ్యి కూడా ఉంది.

జూన్ 26

పొద్దున అక్కని తీసుకెళ్ళారు. చెప్పులేసుకుంటూ బావతో, "గీజరు స్విచ్చి ఆపడం మర్చిపోకు" అంది. గీజరు అన్న మాటకి తనే ఒక్క క్షణం ఆగింది. వెళ్ళిపోయింది.

బావ మధ్యాహ్నం దాకా కారులోనే కూర్చున్నాడు, ఇంటి ముందే. తర్వాత మెట్ల కింద నిలబడి నన్ను పిలిచాడు. మరదలు పిల్లా అనలేదు. పేరు పెట్టి పిలిచాడు. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో తప్ప ఆయన నోట నా పేరు వినలేదు.

"లాయర్ని చూడ్డానికి వెళ్తున్నా. అన్నం వండి పెట్టాను. తిను," అన్నాడు.

"బావా..."

"ఇప్పుడేం మాట్లాడకు. నువ్వు చేసింది తప్పని నేను అనలేను, రైటని కూడా నోరు రావట్లేదు. తిను."

తిన్నాను. ఉప్పు వెయ్యడం మర్చిపోయాడు.

జూన్ 27

మా అందరి వేలిముద్రలూ ఆఫీసులో ఎప్పటి నుంచో ఉన్నాయి. అయినా ముద్దాయిగా తెస్తే కొత్తగా తీయాలి, అది పద్ధతి. అక్కని మా ఆఫీసుకే తెచ్చారు. తీయమంటే సరేగారు మొదటిసారి సరే అనలేదు, కడుపునొప్పని వెళ్ళిపోయాడు. మా పెద్దాయన ఎవర్ని పిలవాలా అని దిక్కులు చూస్తుంటే అక్కే అంది, "దాన్నే తీయమనండి సార్. నా వేళ్ళు ఇంకెవరూ ముట్టుకోవద్దు." విచారణలో ఉన్నదాన్ని, అందులోనూ చెల్లెల్ని, నాచేత తీయించకూడదు. పెద్దాయన ఇద్దరు సాక్షుల్ని నిలబెట్టి, కిటికీ వైపు తిరిగాడు.

గాజు పలక మీద సిరా రుద్దాను. అక్క చెయ్యి పట్టుకున్నాను. వేలిని ఒక పక్క గోరు అంచు నుంచి ఇంకో పక్క గోరు అంచు దాకా ఒక్కసారే దొర్లించాలి. తీయించుకునేవాళ్ళు సాయం చేస్తున్నామనుకుని తామే తిప్పుతారు, అలికిపోతుంది. అందుకే ఎవరొచ్చినా ఒకటే మాట చెప్తాం. చెప్పాను.

"చెయ్యి వదులుగా పెట్టు. నేనే తిప్పుతాను."

"తెలుసులే," అంది. ఆ మాట జీవితంలో ఎన్ని వేలమందికి చెప్పి ఉంటుందో! చెయ్యి మాత్రం వదులు చెయ్యలేకపోయింది. మణికట్టు బిగుసుకుపోయి ఉంది. బొటనవేలు అలికిపోయింది, చూపుడువేలు అలికిపోయింది, అన్నీ నల్ల మరకలే, ఒక్క గీత కనబడదు. ఆ కాగితం కొట్టేసి రెండోది తీశాను. అదీ పాడైంది. సాక్షుల్లో ఒకడు గొంతు సవరించుకున్నాడు.

మూడో కాగితం పెట్టాను. వేళ్ళు గుడ్డతో తుడిచాను. గోళ్ళ సందుల్లో పౌడరు మరక ఏళ్ళుగా అలాగే ఉంది, పోదు.

అక్క నా ముఖం చూడకుండా మెల్లిగా అడిగింది, "కోర్టులో నా మీద సాక్ష్యం చెప్పమంటారు నిన్ను. డాబా మీద నేనన్న మాటలు కూడా అడుగుతారు. చెప్తావా?"

"చెప్తాను అక్కా."

"అన్నీనా?"

"అన్నీ."

ఊపిరి వదిలింది. అప్పుడు చెయ్యి వదులైంది. దాని బరువంతా నా చేతిలో పడింది. పదివేళ్ళూ శుభ్రంగా వచ్చాయి. అక్క వంగి చూసుకుని, బాగా తీశావు అంది. కింద, తీసినవారి పేరు దగ్గర నా సంతకం పెట్టాను.